చేరని యుత్తరము

మన పాఠశాల వార్షిక సంచికకు ఒక వ్యాసము వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు కోరగా, విద్యార్థులకు ఉపయుక్తమగు హితబోధ నేదేని వ్రాయుదమని మేము మొదట తలంచితిమి. కాని యొరులకు హితము చెప్పుటకు ముందు, మేము పొరపడిన సందర్భము నొకదానిని చెప్పుకొనుట న్యాయమని తోచినది. ఆ పొరపాటును మాకు తెలిపినది ఒక పటము. అది కుంచెతో వ్రాసినది కాదు; కంప్యూటర్లు తమలో తాము జరుపుకొను సంభాషణమును పట్టి, గీతలుగను బాణములుగను మార్చినది. అట్టి పటము లెట్లు పుట్టుచున్నవో, వానిని చదువునప్పుడు ఏమి జాగ్రత్త వలయునో, మా యనుభవము ననుసరించి యిచట వ్రాయుచున్నాము.

మా తండ్రిగారు అనకాపల్లి బెల్లపు బజారులో ఒక కొట్టునందు గుమాస్తాగా నుండిరి. బండ్లమీద దిమ్మలు వచ్చుట, వేలము, తూకము, కూలి, రొక్కము చెల్లించుట, ఇవన్నియు జరిగినవి జరిగిన వరుసనే ఆయన చిట్టాలో వ్రాయుచుండిరి. ఒక రైతు పద్దుక్రింద మరియొక వర్తకుని పద్దు, దానిక్రింద కూలివారి పద్దు, మరల మొదటి రైతు పద్దు, ఇట్లు అన్నియు కలగాపులగముగా నుండెడివి. సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట ఆయన చిట్టాను ముందుంచుకొని, ఎవరి పద్దును వారి పేరిట ఆవర్జాకు ఎక్కించుచుండిరి. "చిట్టాలో అబద్ధం లేదురా, కాని చిట్టా చూసి ఎవరి బాకీ ఎంతో చెప్పలేం. ఆవర్జాకి ఎక్కిస్తేనే తేలుతుంది" అని ఆయన మాతో ననుచుండెడివారు. ఆ మాట విలువ మాకు నలుబది యేండ్లు దాటినపిదప గాని తెలియలేదు.

మా పాఠశాలలో ఇరువది కంప్యూటర్లు గల యొక గది కలదు. అవి యన్నియు కేబుళ్లద్వారా ఒక స్విచ్చికిని, దానినుండి సర్వరునకును కలుపబడియున్నవి. గత సంవత్సరము తొమ్మిదవ తరగతివారికి తెలుగు పరీక్షను ఆ గదిలో జరిపితిమి. ప్రశ్న తెరమీద కనబడును. విద్యార్థి జవాబును టైపుచేసి మీట నొక్కినచో, అది సర్వరును చేరి యచట నిలువయుండును. పరీక్ష ముగిసినపిమ్మట చూడగా, ఒక బాలుని పేరిట చిన్న ప్రశ్నల జవాబులన్నియు నున్నవి. వ్యాసము మాత్రము లేదు.

"వ్యాసమేది నాయనా?" అని యడిగితిమి.

"రాశానండి. మీట కూడా నొక్కానండి. చక్రం తిరిగి తిరిగి ఆగిపోయిందండి" అని వాడు బదులుచెప్పెను.

"తక్కిన పందొమ్మిదిమందికి తిరగని చక్రం నీ ఒక్కడికే తిరిగిందా?" అని తరగతి యెదుట నంటిమి. కొందరు నవ్విరి. వాడు మరి మాటాడలేదు. మా తర్కము మాకు నిర్దుష్టముగా తోచినది. వాని యంత్రమునకు ప్రశ్నలు సరిగా వచ్చినవి. చిన్న జవాబులు సరిగా పోయినవి. కాబట్టి యంత్రము మంచిది. యంత్రము మంచిదైనచో, వ్యాసము వ్రాయలేదన్న మాట. వ్యాసమునకు సున్న వేసితిమి.

మరునాడు వాని తండ్రి వచ్చెను. అతడు చెరకు గానుగ ఆడించి బెల్లము వండువాడు. పెనము దింపి తిన్నగా వచ్చినట్లు బట్టలకు మసి యంటియుండెను. "బాబూ, మావోడు రాయలేకపోతే రాయలేదనే సెప్తాడు. లేనిమాట ఎందుకు సెప్తాడు? ఒక్కపాలి సూడండి బాబూ" అని మాత్రము చెప్పి పోయెను. మార్కులు వేయుమని యతడు అడుగలేదు. అడిగియుండినచో మా మనస్సున కింత కలత కలిగియుండెడిది కాదేమో.

ఆ దినములలో మా పూర్వవిద్యార్థి యొకడు సెలవుమీద ఇంటికి వచ్చియుండెను. విశాఖపట్టణములో నెట్‌వర్కులను బాగుచేయుట యతని వృత్తి. సంగతి విని, "మాష్టారూ, ఊహించడమెందుకు? పట్టి చూద్దాం" అనెను. ప్రధానోపాధ్యాయులవారి యనుమతి గొని, ఒక సాయంకాలము ఆ బాలుని మరల అదే యంత్రమువద్ద కూర్చుండబెట్టితిమి. ప్రశ్నలవే. వాడు చిన్న జవాబులు పంపి, పిదప వ్యాసమును మొదటినుండి టైపుచేసెను. మేము వాని వెనుక నిలిచి చూచితిమి. రెండు పుటలకు పైబడిన వ్యాసము. మీట నొక్కెను. చక్రము తిరుగసాగెను. తిరిగి తిరిగి యాగిపోయెను. వాడు మావైపు చూడలేదు. మేమును వానివైపు చూడలేకపోతిమి.

వాడు చెప్పినది నిజమని యప్పుడే తెలిసినది. అట్లేల జరిగెనో తెలియవలసియుండెను.

కంప్యూటరు తాను పంపదలచిన సమాచారమును ఒక్క మూటగా పంపదు. దానిని ముక్కలుచేసి పంపును. వీనికి ప్యాకెట్లని పేరు. మా గదిలోని వంటి నెట్‌వర్కులో ఒక్కొక్క ప్యాకెట్టు సాధారణముగా 1,500 బైట్లకు మించదు. ప్రతి ముక్కమీదను ఎవరినుండి యెవరికి అను చిరునామాలును, ఎన్నవ బైటునుండి మొదలగుచున్నదను సంఖ్యయు నుండును. పొందినవారు చేరినదని రసీదు పంపవలెను. ఒక నియత కాలములో రసీదు రానిచో పంపినవారు ఆ ముక్కనే మరల పంపుదురు. ఈ మర్యాదకు టీసీపీ యని పేరు. దీనికి మూలమగు పద్ధతిని వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అను నిరువురు అమెరికనులు 1974లో ప్రకటించిరి.

తీగవెంట పోవు నీ ముక్కలకు నకళ్లు తీసి, వచ్చిన కాలముతోసహా వ్రాసియుంచు సాధనములు కలవు. 1988 ప్రాంతమున అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో టీసీపీడంప్ అనునది పుట్టినది. 1998లో జెరాల్డ్ కూంబ్స్ అను నతడు ఈథీరియల్ అను మరియొకదానిని వెలువరించెను. 2006లో దానికే వైర్‌షార్క్ అను పేరు వచ్చినది. అది యుచితముగా లభించును. మా పూర్వవిద్యార్థి బాలుని యంత్రమునందు దానినే నడిపియుండెను.

తెరమీద వేలకొలది పంక్తులు నిలిచినవి. ప్రతి పంక్తియందును వరుససంఖ్య, కాలము, పంపినవారు, పొందువారు, ముక్క పొడవు. బాలుని జవాబు నడుమ మరియొక యంత్రపు పలుకరింపు, దాని నడుమ గడియారము సరిచేసికొను మాట, ముద్రణయంత్రపు కేక. అన్నియు సత్యములే, మాకు బోధపడినది లేదు. "ఇది చిట్టా" అంటిమి. అతడు నవ్వి, "అయితే ఆవర్జా వేద్దాం మాష్టారూ" అని, బాలుని యంత్రమునకును సర్వరునకును నడుమ జరిగిన సంభాషణమును మాత్రము వేరుపరచెను.

వేరుపరచినదానిని మొదట ప్రవాహపటముగా చూపెను. ఏ యంత్రమునుండి యెంత సమాచారము పోయినదో అంత వెడల్పుగల పట్టీలతో చూపు పటమిది. 1898లో శాంకీ యను ఐరిషు ఇంజనీరు ఆవిరియంత్రములో శక్తి యెక్కడెక్కడ వ్యయమగుచున్నదో ఇట్టి పట్టీలతో చూపినందున, దీనికి శాంకీ పటమని పేరు. మన శారదానది వానకాలమున వెడల్పగుటయు, వేసవిని సన్నగిలుటయు చూచినవారికి దీనిని వేరుగా బోధింప నక్కరలేదు. కాని యీ పటములో మా బాలుని పట్టీకి తప్పేమియు కనబడలేదు. పోవలసిన వ్యాసము అతని యంత్రమునుండి పోయినట్లే వెడల్పుగా నుండెను. ఎంత పోయినదో ఈ పటము చెప్పును. ఏది ముందు, ఏది వెనుక, దేనికి బదులు వచ్చినది, దేనికి రాలేదు అనునది చెప్పదు. పటము వేసినంతమాత్రమున చాలదు. మనము అడుగు ప్రశ్నకు తగిన పటము వేయవలెను.

అప్పుడతడు వైర్‌షార్క్‌లో ఫ్లో గ్రాఫ్ అను రెండవ పటమును తెరచెను. తెరమీద రెండు నిలువుగీతలు. ఎడమగీత బాలుని యంత్రము, కుడిగీత సర్వరు. కాలము పైనుండి క్రిందికి నడచును. ఒక్కొక్క ప్యాకెట్టు ఒక గీతనుండి రెండవ గీతకు పోవు అడ్డబాణము. ప్రక్కన సమయము.

ఇట్టిది మన యూరివారికి బొత్తిగా క్రొత్తది కాదు. అనకాపల్లిమీదుగా పోవు తీరపు రైలుమార్గము 1890ల దశకమున తెరవబడినది. రైళ్ల నడకను అదుపుచేయు ఉద్యోగులు ఒక పటము నుపయోగింతురు. ఒక ప్రక్క దువ్వాడ, తాడి, అనకాపల్లి మొదలగు స్టేషన్లు వరుసగా నుండును. రెండవ ప్రక్క గంటలు. ఒక్కొక్క రైలు ఒక వాలుగీత. గీత నిట్రముగా నున్నచో రైలు వడిగా పోవుచున్నది. కాలమువెంట అడ్డముగా సాగినచో స్టేషనులో నిలిచియున్నది. పందొమ్మిదవ శతాబ్దమున ఇబ్రీ యను ఫ్రెంచి ఇంజనీరు పద్ధతిలో గీసిన పారిస్, లియోను నగరముల నడుమ రైళ్ల పటమును మారే అను శాస్త్రజ్ఞుడు తన గ్రంథమున ప్రకటించి ప్రసిద్ధికి తెచ్చెను. కాలపట్టిక చదువువానికి ఒక రైలు వేళయే తెలియును. ఆ పటము చూచువానికి అన్ని రైళ్లును ఒక్కసారి కనబడును. ఎచట నిలిచిపోయినదో వ్రేలుపెట్టి చూపవచ్చును.

మా యెదుటి పటమునందు మొదట మూడు బాణములు. "మాటాడవచ్చునా?" అని బాలుని యంత్రము; "వింటిని, మాటాడుము" అని సర్వరు; "మంచిది" అని మరల బాలుని యంత్రము. ఇది టీసీపీ నమస్కారము. పిదప చిన్న జవాబులు పోయినవి. ప్రతిదానికిని కుడినుండి రసీదు వచ్చినది. అచటచట ఒక చిన్న ముక్క రెండుమారులు పంపబడినట్లు కనబడినను, మేము దానిని లెక్కింపలేదు. పిమ్మట వ్యాసపు మొదటి ముక్క. ఎడమనుండి కుడికి బాణము. బదులు లేదు. కొంతసేపటికి అదే ముక్క మరల. బదులు లేదు. దానికి రెండింతల వ్యవధి తరువాత మరల. దానికిని రెండింతల వ్యవధి తరువాత మరల. ఇట్లు అదే ముక్క ఆరుమారులు పోయినది. బాణముల నడుమ ఎడము పోనుపోను హెచ్చినది. కుడిగీత మౌనముగా నుండెను. చివరకు బాలుని యంత్రము సంభాషణమును ముగించెను.

ఆ పటమును చూచుచుండగా మాకు తరగతిగది జ్ఞప్తికి వచ్చినది. "రాశానండి" అని వాడు చెప్పినాడు; మేము వినలేదు. వాని యంత్రము ఆరుమారులు చెప్పినది. వాడు ఒక్కమారే చెప్పి యూరకుండినాడు.

అయినను ఒక సందేహము మిగిలినది. ఆరు బాణములును కుడిగీతను తాకియున్నవి. "సర్వరుకు చేరినట్లే కనబడుచున్నది గదా! తప్పు సర్వరుదా?" అని యడిగితిమి. మా పూర్వవిద్యార్థి తల యడ్డముగా నూపి, "మాష్టారూ, ఈ పటానికి సాక్షి పిల్లవాడి యంత్రం ఒక్కటే. అది పంపానంటుంది, అందుచేత బాణం గీశారు. చేరిందో లేదో దానికెలా తెలుస్తుంది? సర్వరును కూడా అడగాలి" అనెను. ఆ మాట మాకు మిక్కిలి విలువైనదిగా తోచినది. బాణపు మొన గీతను తాకినంతమాత్రమున ముక్క చేరినదని కాదు. పట్టినచోట అది కనబడినదని మాత్రమే యర్థము. పటము చూచువారు, దానిని గ్రహించిన కన్ను ఎచట నిలిచియుండెనో మొదట తెలిసికొనవలెను.

సర్వరునందును అదే సమయమున మరియొక నకలు తీయించియుండెను. రెండు యంత్రముల గడియారములు కొన్ని క్షణముల తేడాతో నడచుచుండుటచేత, నమస్కారపు మూడు బాణములను ఆనవాలుగా గొని, రెండు పటములను ప్రక్కప్రక్కన సరిచేసి పెట్టెను. సర్వరు పటములో నమస్కారము కలదు. చిన్న జవాబులు కలవు. వ్యాసపు నిండుముక్క యొక్కటియు లేదు. ఎడమవారు పంపిరి, కుడివారు పొందలేదు. తప్పు నడిదారిలో నున్నది.

బల్లను ప్రక్కకు లాగి చూచితిమి. గోడమూల కేబులును ఎలుక కొరికియుండెను. ఆ కేబులులో నెనిమిది తీగలు, అనగా నాలుగు జతలు. మా స్విచ్చి పాతది; 100 మెగాబిట్ల వేగముగల యట్టివానిలో రెండు జతలే పనిచేయును, ఒకటి పంపుటకు, ఒకటి గ్రహించుటకు. ఎలుక పంపు జతను గాయపరచి, గ్రహించు జతను విడిచినది. ప్రశ్నలు నిక్షేపముగా వచ్చుటకు కారణ మిదియే. గాయపడిన తీగలో నడుమ నడుమ ఒక్కొక్క బిట్టు చెడుచుండెను. చిన్నముక్క తప్పించుకొని పోగలదు. పొడుగైన ముక్కలో ఎచటనో యొకచోట చెడుట దాదాపు తప్పదు. ప్రతి ముక్క చివరను 4 బైట్ల తనిఖీసంఖ్య యుండును. అది సరిపడనిచో స్విచ్చి యా ముక్కను పారవేయును. పారవేసితినని యెవరికిని చెప్పదు.

ఇందులో మన భాషకు సంబంధించిన సంగతియు నొకటి కలదు. ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. నేడు వాడుకలోనున్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతమునకు మూడు బైట్లు కావలెను. గుణింతమునకు వేరు, ఒత్తునకు వేరు. "స్త్రీ" యను నొక్క యక్షరమునకు ఆరు సంకేతములు, 18 బైట్లు. కావున తెలుగులో కొద్దిపాటి పేరా వ్రాసినను ప్యాకెట్టు నిండును. ఒక వాక్యము వ్రాసి యూరకున్న విద్యార్థి యా యంత్రమువద్ద కూర్చుండియున్నచో, వాని జవాబు క్షేమముగా చేరియుండెడిది. మా బాలుడు విపులముగా వ్రాయుటయే వాని జవాబు పోవుటకు కారణమైనది. దానికి మేము సున్న వేసి, అసత్యవాది యను పేరుకూడ చేర్చితిమి.

మరునాడు తరగతిలో నల్లబల్లమీద రెండు నిలువుగీతలు గీసి, ఆరు బాణములు వేసి, వానిని నడుమనే ఆపి, జరిగినది చెప్పితిమి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో, బోధపడని పాఠమును పటముగీసి చెప్పవలెనని మాకు నేర్పిరి. పిల్లలకు భూగోళమును, రక్తప్రసరణమును పటములతో చెప్పుచునే వచ్చితిమి. ఒక పిల్లవానిని గూర్చి తీర్పుచెప్పునప్పుడు మాత్రము, జరిగిన దేమో గీసి చూచుకొనవలెనని మాకు తోచలేదు. ఎవరి యెదుట వానిని నిందించితిమో వారి యెదుటనే క్షమాపణము కోరితిమి. వాడు లేచి నిలువబడి, "ఫరవాలేదండి" అనెను. పిదప కత్తిరించి తీసిన కేబులు ముక్కను చేతబట్టి చాలసేపు చూచి, "ఇది మా నాన్నకి చూపించొచ్చాండి?" అని యడిగెను. తీసికొనిపొమ్మంటిమి. వాని వ్యాసమును ఆ సాయంకాలమే చదివితిమి. అది మంచి వ్యాసము.

తల్లిదండ్రులకు, పెద్ద తరగతులవారికి ఒక హెచ్చరిక చేయుట మా విధి. ఇట్టి సాధనము తాళపుచెవి వంటిది. మేము మా పాఠశాల తీగలయందు, పెద్దల యనుమతితో, దానికొరకే పెట్టిన పరీక్షను పట్టితిమి. అన్యుల నెట్‌వర్కులో అనుమతిలేక వారి సమాచారమును గ్రహించుట మర్యాద కాదు. మనదేశపు 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము క్రింద నేరముకూడ కావచ్చును. నేడు బ్యాంకులు మొదలగువారి సంభాషణములు గూఢలిపిలో నడచుటచేత వానిలోని మాటలు పట్టినవారికి తెలియవు. అయినను ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఎంతసేపు, ఎంత సమాచారము అను సంగతులు పటములో కనబడుచునే యుండును. ఉత్తరము విప్పకున్నను, కవరుమీది చిరునామా చదువవచ్చును గదా.

మా తండ్రిగారి ఆవర్జాలు ఇప్పుడు మా యింట అటకమీద నున్నవి. మార్కులపట్టీని చేతబట్టునప్పుడెల్ల మాకు అవి జ్ఞప్తికి వచ్చుచున్నవి. పట్టీలో సున్న యున్నచో, అది చివరి గీతవద్ద ఏమియు చేరలేదని మాత్రమే చెప్పును. మొదటి గీతవద్ద ఎవరైన పంపిరో లేదో చెప్పదు. కావున నిప్పుడు ఏ విద్యార్థియైనను "రాశానండి" అనినచో, మేము మొదట బల్ల వెనుక చూచుచున్నాము.